పేరు లేని రౌతు, పేరున్న గుర్రం

కౌబాయ్ సినిమాలో గుర్రమెక్కి వచ్చే హీరో ఎవరని అడిగితే మన ఊళ్లలో ఏ టీ కొట్టు దగ్గరైనా ఠక్కున జవాబొస్తుంది. పెద్దవాళ్లు కృష్ణ అంటారు. ఇంగ్లీషు సినిమాలు చూసిన పెద్దాయన ఎవరైనా ఉంటే క్లింట్ ఈస్ట్‌వుడ్ అంటాడు. కుర్రాళ్లు మహేష్‌బాబు 'టక్కరి దొంగ'ను గుర్తు చేస్తారు. మంచిదే. మరి తుపాకీ పేలినా బెదరకుండా ఆ గుర్రాన్ని మచ్చిక చేసిందెవరు? హీరోకు బదులుగా దాని మీంచి దబ్బున కిందపడ్డదెవరు? ఇక్కడికొచ్చేసరికి అందరూ టీ గ్లాసుల్లోకి చూస్తారు.

ఇదే ప్రశ్న పట్టుకుని ఒక హాలీవుడ్ దర్శకుడు 6.8 కోట్ల డాలర్లు పెట్టి జనాన్ని హడలగొట్టే సినిమా తీశాడు. పేరు 'నోప్'. 2022 జూలైలో అమెరికాలో విడుదలైంది. 'నోప్' అంటే మన మాటలో 'ఊహూఁ, మనవల్ల కాదు బాబూ' అని. తీసినవాడు జోర్డాన్ పీల్. ఈయన ముందు టీవీలో జనాన్ని నవ్వించిన హాస్యగాడు. 2017లో 'గెట్ అవుట్' తీసి ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ అందుకున్నాడు. ఆ విభాగంలో ఆస్కార్ గెలిచిన తొలి నల్లజాతి రచయిత ఆయనే. 2019లో 'అస్' తీశాడు. మూడోది ఈ 'నోప్'. పైకి చూస్తే ఎగిరే పళ్లెం కథ. లోపల కౌబాయ్ కథ. ఇంకా లోపలికెళితే సినిమా అనే యంత్రం ఎవరి చెమటతో తిరిగింది, ఎవరి పేరు మింగేసింది అనే లెక్క.

కథ కొంత చెప్పక తప్పదు. సినిమా వచ్చి ఏళ్లయింది కాబట్టి గుట్టు విప్పాననే నింద నామీద ఉండదనుకుంటాను. కాలిఫోర్నియాలో కొండల మధ్య ఒక గుర్రాల పొలం. దాని యజమాని ఓటిస్ హేవుడ్, నల్లజాతి మనిషి. సినిమాలకు, ప్రకటనలకు గుర్రాలను తయారు చేసి పంపడం ఆ ఇంటి వృత్తి. ఒకరోజు ఆకాశం నుంచి చిల్లర సామాను వానలా రాలుతుంది. తాళంచెవులు, నాణేలు, అలాంటివి. అందులో ఒక అయిదు సెంట్ల నాణెం ఆ పెద్దాయన తలలో దిగుతుంది. అంతే, మనిషి పోతాడు. పొలం కొడుకు ఓజే చేతికొస్తుంది. ఈ పాత్ర డేనియల్ కలూయా వేశాడు. మాట తక్కువ, గుర్రాల మనసు తెలిసినవాడు. చెల్లెలు ఎమరాల్డ్‌గా కికి పామర్. ఈమెది అన్న లెక్క కాదు, నోటి ముందు ఎవరూ నిలవలేరు. అప్పులు పెరిగి ఓజే ఒక్కొక్క గుర్రాన్నీ పక్కనున్న వినోద పార్కు యజమాని జూప్‌కు అమ్ముకుంటూ వస్తాడు. ఆ పార్కు మొత్తం నకిలీ కౌబాయ్ ఊరు. జూప్ (స్టీవెన్ యూన్) చిన్నప్పుడు టీవీ బాలనటుడు.

పొలం పైన ఒక మబ్బుంది. నెలలు గడిచినా ఉన్న చోటినుంచి కదలదు. గాలి వీచినా కదలదు. దాని వెనక ఏదో దాక్కుని ఉంది. అందరూ దాన్ని వేరే గ్రహం వాళ్ల వాహనం అనుకుంటారు. కాదు. అదే ప్రాణి. కింద కనిపించిన గుర్రాన్నీ మనిషినీ లోపలికి పీల్చుకుని, అరగనివి ఉమ్మేసే ఒక పెద్ద జంతువు. నాణెం అట్లా రాలిందే. దాని కళ్లలోకి చూస్తే అది మీదికొస్తుంది. చూడకుండా తలొంచుకుంటే వదిలేస్తుంది. గుర్రాల దగ్గర పుట్టి పెరిగిన ఓజేకు ఈ సంగతి అందరికంటే ముందు తెలిసిపోతుంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు మనవాళ్లు. ఓజే మెత్తనివాడు కాదు, అట్లాగని కొరడా పట్టేవాడూ కాదు. జంతువు పద్ధతి ఏమిటో ముందు తెలుసుకుని, ఆ పద్ధతి మన్నించి మెలిగేవాడు. సినిమాలో అతడు బతికి బట్టకట్టేది ఆ గుణంతోనే.

మొదటి సినిమాలో ఎక్కినవాడు

చెల్లెలు ఎమరాల్డ్ సినిమా మొదట్లోనే షూటింగు సెట్ మీద ఒక ఉపన్యాసం దంచుతుంది. ప్రపంచంలో తొలి కదిలే బొమ్మలో గుర్రం మీద కూర్చున్న నల్లమనిషి మా ముత్తాతల ముత్తాత అని. ఆ ముత్తాత పేరు, ఆ వంశం రచయిత కల్పన. కానీ ఆ బొమ్మ కల్పన కాదు. ఇక్కడ అసలు చరిత్ర తెలుసుకుంటే సినిమా ఇంకో రకంగా కనబడుతుంది.

ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అని ఇంగ్లండులో పుట్టి అమెరికా వెళ్లిన ఫొటోగ్రాఫర్. గుర్రం పరిగెత్తేటప్పుడు నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడుస్తాయా లేదా అని అప్పట్లో పెద్ద తగువు. కంటికి అందని వేగం మరి. రైల్వే కోటీశ్వరుడు లేలండ్ స్టాన్‌ఫర్డ్ ఖర్చు భరించాడు. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పరుగుదారి పక్కన కెమెరాలు వరసగా నిలబెట్టి మైబ్రిడ్జ్ ఆ తగువు తీర్చేశాడు. నాలుగు కాళ్లూ నేల విడుస్తాయని తేలింది. ఆ తర్వాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి మనుషులవీ జంతువులవీ కదలికలు తీసి 1887లో 781 పలకల మహా సంపుటం అచ్చు వేశాడు. అందులో 626వ పలక ఒక ఆడగుర్రం దౌడు. సినిమాలో మనకు చూపించేది దాన్నే. బొమ్మలను వరసగా తిప్పితే రెండే రెండు సెకన్లు. గుర్రం పరిగెడుతుంది, మీద నల్లజాతి రౌతు.

గుర్రం పేరు రాసిపెట్టారు. ఆనీ జి. అని. మీద కూర్చున్న మనిషి పేరు రాయలేదు.

పీల్ ఈ ఒక్క ఖాళీ పట్టుకున్నాడు. ఆ ఖాళీలో ఒక కుటుంబాన్ని కూర్చోబెట్టి, వాళ్లకో వృత్తినిచ్చి, ఆ వృత్తి ఎట్లా చితికిపోతున్నదో చూపించాడు. సెట్ మీద ఓజే ఎంత మర్యాదగా చెప్పినా ఎవరూ వినరు. గుర్రం వెనకాల నిలబడొద్దంటే నిలబడతారు. అద్దంలా మెరిసే గుండొకటి తెచ్చి దాని మొహం ముందు పెడతారు. గుర్రం బెదిరి తన్నుతుంది. తప్పెవరిది? పని పోయేది ఎవరిది? దాని బదులు కంప్యూటర్ గుర్రం పెట్టుకుంటామంటారు. ఆ దృశ్యంలో రక్తం లేదు, దెయ్యం లేదు. నాకు మాత్రం సినిమా మొత్తంలో ఎక్కువ కలతపెట్టినవాటిలో అదొకటి.

కౌబాయ్ అనగానే మన మనసులో తెల్లదొర బొమ్మే ఎందుకొస్తుంది? సినిమాలు అట్లా నేర్పాయి కనుక. అంతర్యుద్ధం తర్వాత పశ్చిమాన పశువుల మందలు తోలినవాళ్లలో నలుగురిలో ఒకరు నల్లజాతివాళ్లేనని చరిత్రకారుల అంచనా. నాట్ లవ్ అనే నల్ల కౌబాయ్ 1907లో ఆత్మకథే రాసుకున్నాడు. బానిసగా పుట్టిన బాస్ రీవ్స్ ప్రభుత్వ డిప్యూటీ మార్షల్ అయి గజదొంగలను పట్టుకున్నాడు. గుర్రప్పందేల సంగతి మరీ విచిత్రం. 1875లో మొదటి కెంటకీ డెర్బీలో 15 మంది జాకీలు దిగితే 13 మంది నల్లజాతివాళ్లు. గెలిచిన ఆలివర్ లూయిస్ నల్లవాడే. ఐజక్ మర్ఫీ ఆ పందెం మూడుసార్లు గెలిచాడు. 1901, 1902లలో జిమ్మీ వింక్‌ఫీల్డ్ వరసగా గెలిచాడు. ఆ తర్వాత ఆ పందెం గెలిచిన నల్ల జాకీ ఒక్కడూ లేడు. డబ్బూ పేరూ పెరిగేకొద్దీ వాళ్లను మెల్లమెల్లగా పక్కకు నెట్టేశారు. ఆ నెట్టేసిన చోట సినిమా వచ్చి తెల్ల కౌబాయ్‌ని నిలబెట్టింది. ఓజే ఇంట్లో గోడ మీద ఒక పోస్టరుంటుంది గమనించండి. 1972లో సిడ్నీ పోయిటియర్ తొలిసారి దర్శకత్వం వహించిన 'బక్ అండ్ ద ప్రీచర్'. నల్లవాళ్లు కథానాయకులైన కౌబాయ్ చిత్రం. దర్శకుడు ఆ పోస్టరు ఊరికే తగిలించలేదు.

కోతి గొడవ ఎందుకంటే

సినిమా చూసినవాళ్లలో సగం మంది విసుక్కునేది ఇక్కడే. ఆకాశంలో ప్రాణి కథ నడుస్తుంటే మధ్యలో చింపాంజీ కథ ఎందుకు దూర్చాడని. 1998లో ఒక టీవీ హాస్య ధారావాహిక షూటింగు. గోర్డీ అనే చింపాంజీ అందులో ముఖ్య పాత్ర. పుట్టినరోజు దృశ్యంలో బెలూను ఢామ్మని పేలుతుంది. చింపాంజీకి పిచ్చెత్తినట్టయి సెట్ మీదున్నవాళ్లను చీల్చేస్తుంది. బాలనటుడు జూప్ బల్లకింద దాక్కుంటాడు. బల్లమీది గుడ్డ అంచు అతని కళ్లకు, చింపాంజీ కళ్లకు మధ్య పరదాలా వేలాడుతోంది. చూపులు కలవలేదు కాబట్టి బతికాడు. కానీ పిల్లాడు అర్థం చేసుకున్నది వేరు. జంతువు నన్ను వదిలేసింది, నాలో ఏదో మహత్తు ఉంది, జంతువులకూ నాకూ ఏదో బంధముంది అనుకున్నాడు. పెద్దయ్యాక ఆ నెత్తుటి రోజు గుర్తులను ఒక గదిలో దాచి, డబ్బిచ్చినవాళ్లకు చూపించుకుంటున్నాడు కూడా.

ఆ భ్రమే అతన్ని ముంచింది. మబ్బులోని ప్రాణికి ఓజే అమ్మిన గుర్రాలు ఎరవేస్తూ, జనానికి టికెట్లు అమ్మి ఆ వేడుక చూపించాలనుకున్నాడు. చిన్నప్పుడు చింపాంజీ వదిలినట్టే ఇదీ వదులుతుందనుకున్నాడు. వదల్లేదు. భార్యాపిల్లలతో సహా, టికెట్ కొని వచ్చిన జనంతో సహా మింగేసింది. ఆనాటి సెట్ మీద జూప్‌తో నటించిన అమ్మాయి, చింపాంజీ దెబ్బకు మొహం పోయి ముసుగేసుకున్న మనిషి, ఆ జనంలో కూర్చుని ఉంటుంది. ఆమెనూ మింగింది. ఒకసారి వేడుక కోసం బలైన మనిషి రెండోసారీ వేడుక కోసమే బలి. అందుకే కోతి కథ లేకపోతే ఈ సినిమా లేదు. పెంపుడు చింపాంజీలు మనుషులను ఇట్లా చీల్చిన సంగతి కల్పన కూడా కాదు. 2009లో కనెక్టికట్‌లో జరిగిన అలాంటి ఘోరం ప్రపంచమంతా పత్రికల్లో వచ్చింది. ఇంకో మాట, ఆ గోర్డీ నిజం చింపాంజీ కాదు. టెర్రీ నోటరీ అనే నటుడు కదలికలు చేస్తే కంప్యూటర్‌తో రూపం తొడిగారు. జంతువును హింసించిన కథ చెప్పడానికి జంతువును హింసించలేదన్నమాట.

హాలీవుడ్‌కు ఈ బుద్ధి తేలిగ్గా రాలేదు లెండి. 1939లో 'జెస్సీ జేమ్స్' అనే కౌబాయ్ సినిమా కోసం గుర్రాన్ని ఎత్తయిన కొండ అంచు నుంచి నీళ్లలోకి పడేలా చేస్తే చచ్చిపోయింది. జనం గోల పెట్టారు. ఆ గొడవ తర్వాతే 1940 నుంచి అమెరికన్ హ్యూమేన్ సంస్థవాళ్లు షూటింగుల్లో జంతువులను కనిపెట్టి ఉండటం మొదలైంది. అంతకుముందు కాళ్లకు తీగ కట్టి లాగి గుర్రాలను పల్టీ కొట్టించడం మామూలు విషయం. మన చిన్నప్పుడు చప్పట్లు కొట్టిన దృశ్యాల వెనక అట్లాంటివెన్ని ఉన్నాయో. మన దేశంలో ప్రదర్శన జంతువుల నమోదు నిబంధనలు 2001లో వచ్చాయి. సినిమా మొదట్లో 'జంతువులకు ఏ హానీ జరగలేదు' అని పడే అక్షరాలు వాటి పుణ్యమే. నిబంధన ఉన్నా 2021లో హైదరాబాద్ శివార్లలో ఒక భారీ చారిత్రక చిత్రం షూటింగులో గుర్రం చనిపోయిందని కేసు నమోదైంది.

సాంకేతికంగా కూడా ఈ సినిమా దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. ఛాయాగ్రాహకుడు హోయ్‌టె వాన్ హోయ్‌టెమా పెద్ద ఐమ్యాక్స్ కెమెరాలతో తీశాడు. రాత్రి దృశ్యాలు నిజానికి మిట్టమధ్యాహ్నం తీసినవి! మన పాత సినిమాల్లో ఫిల్టర్ పెట్టి పగటిని రాత్రి చేసేవారు, ఆకాశం నీలంగా, నీడలు చిక్కగా ఉండి చిన్నపిల్లాడు కూడా కనిపెట్టేసేవాడు. ఈయన రెండు కెమెరాలు ఒకే చట్రానికి బిగించి, ఒకదానితో మామూలు ఫిల్ముమీద, రెండోదానితో కంటికి కనబడని పరారుణ కాంతిలో ఒకేసారి తీసి, రెండూ కలిపాడు. పరారుణంలో పగటి ఆకాశం నల్లగా వస్తుంది. ఫలితం ఏమిటంటే పొలిమేర దాటి ఊరి దీపాలు కనబడని చోట నిలబడితే చీకటి కంటికి అలవాటై కొండలు ఎట్లా కనిపిస్తాయో అట్లాంటి రాత్రి. పల్లెల్లో పెరిగినవాళ్లకు ఆ చీకటి తెలుసు. పైనున్న ప్రాణి రూపానికి జెల్లీఫిష్‌ల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త జాన్ దబిరి సలహా తీసుకున్నారు. చివర్లో అది పళ్లెం ఆకారం వదిలి, తెల్లటి తెరలు విప్పుకున్నట్టు విచ్చుకుంటుంది. భయం వేస్తుంది, అందంగానూ ఉంటుంది. ఇక శబ్దం సంగతి. ఆ ప్రాణి ఇంటిమీదుగా పోతుంటే గాలిహోరులో మనుషుల అరుపులు కలిసి వినిపిస్తాయి. మొదట జాతర దగ్గర రంగులరాట్నం ఎక్కినవాళ్ల కేకల్లా ఉంటాయి. కాసేపటికి అర్థమవుతుంది అవి కేరింతలు కావని. ఇది ఫోన్లో చూడవలసిన సినిమా కాదు అనేది ఇందుకే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మొదటి గంట నెమ్మది. ముసలి కెమెరామన్ హోల్స్ట్ (మైకేల్ విన్‌కాట్) చేత్తో తిప్పే కెమెరాతో వస్తాడు, ఎందుకంటే ఆ ప్రాణి దగ్గరికొస్తే కరెంటు మొత్తం ఆగిపోతుంది. అంతవరకూ భేష్. తీరా పని అయ్యాక, ఇంకా మంచి షాట్ కావాలని తనంతట తానే దాని నోట్లోకి వెళ్లడం నాకు మింగుడుపడలేదు. పిచ్చి కళాకారుడి పాత్ర కాబట్టి సరిపెట్టుకోవాలేమో. పెట్రోలు బంకుల ముందు ఊగుతూ ఉండే గాలి బొమ్మలుంటాయి చూడండి, వాటిని పొలమంతా పాతి, ఏ బొమ్మ కూలితే ప్రాణి అటు వచ్చిందని కనిపెట్టే ఉపాయం మాత్రం రైతు బుర్రకు తట్టే ఉపాయం. కరెంటు పోవడమే హెచ్చరిక!

ఇక మన సంగతి

కౌబాయ్ సినిమా మనకు పరాయిది కాదు. 1971లో పద్మాలయా వారి 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చింది. ఇటలీలో సెర్జియో లియోన్ తీసిన సినిమాల గాలి మద్రాసు దాకా వీచి, ఆరుద్ర రాతతో, కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో, వి.ఎస్.ఆర్.స్వామి కెమెరాతో తెలుగు కౌబాయ్ పుట్టాడు. రాజస్థాన్ ఎడారిలో తీశారు. 'ట్రెజర్ హంట్' పేరుతో ఇంగ్లీషులోకి వెళ్లి విదేశాల్లో ఆడింది. తమిళంలోకీ వెళ్లింది. దాస్ కన్నడంలో విష్ణువర్ధన్‌తోనూ సినిమాలు తీశారు. తమిళంలో కర్ణన్ తీసిన 'కాలం వెల్లుమ్' అంతకు ఏడాది ముందే, 1970లో వచ్చింది. 'గంగ' 1972లో. రెండింటిలోనూ జైశంకరే. సరిహద్దు ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇదొక లాభం, ఈ వారం తెలుగు గుర్రం, వచ్చేవారం తమిళ గుర్రం. 2022 నవంబరులో కృష్ణ పోయారు. 2023 మే 31న ఆయన పుట్టినరోజుకు 'మోసగాళ్లకు మోసగాడు' కొత్త ప్రింటుతో మళ్లీ విడుదలైంది. హాళ్లలో ఈలలు వేశారు.

ఈలలు వేయాల్సిందే. కానీ ఇప్పుడు చెప్పిన పేర్లు చూడండి. హీరో, దర్శకుడు, రచయిత, కెమెరామన్. ఎడారి ఎండలో గుర్రాలను కాపాడుకున్నవాళ్ల పేర్లు ఈ వ్యాసం రాస్తున్న నేనూ చెప్పలేదు. చెప్పడానికి పోస్టరు మీద లేవు, పాటల పుస్తకంలో లేవు. మన సినిమా చరిత్ర పుస్తకాలు నటీనటులతో మొదలై నటీనటులతో ముగుస్తాయి. 626వ పలకను చూసి అమెరికావాళ్లను ఆడిపోసుకునే ముందు మన పలకలు ఎట్లా ఉన్నాయో చూసుకోవాలి కదా.

పేరు లేకపోవడం ఒక ఎత్తు. ప్రాణం పోవడం ఇంకో ఎత్తు. 2016 నవంబరులో బెంగళూరు పక్కన తిప్పగొండనహళ్లి జలాశయంలో 'మాస్తిగుడి' షూటింగు జరిగింది. కర్ణాటకలో ఉన్న మన పాఠకులెవరూ మరిచిపోయి ఉండరు. హెలికాప్టర్ నుంచి ముగ్గురు నీళ్లలోకి దూకారు. హీరో ఒడ్డుకు చేరాడు. అనిల్, ఉదయ్ అనే ఇద్దరు నటులు మునిగిపోయారు. తమకు ఈత అంతగా రాదని వాళ్లు ముందే టీవీ వాళ్లతో అన్న మాటలు తర్వాత పదేపదే వేశారు. ఆ దూకుడు వీడియో కూడా పదేపదే వేశారు. మునిగిపోతున్న మనుషులను మనం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. 'నోప్' అడిగే ప్రశ్న సరిగ్గా అదే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా కళ్లు తిప్పుకోలేని ఈ జబ్బు ఏమిటి? సినిమాలో అద్దాల హెల్మెట్ పెట్టుకున్న విలేఖరి ఒకడు మోటారుసైకిల్ మీద వస్తాడు. కిందపడి ఎముకలు విరిగినా, ప్రాణి మీదికొస్తున్నా, 'ఫొటో తీస్తున్నారా' అనే అతని గోల. నవ్వు వస్తుంది, వెంటనే ఆగిపోతుంది.

కొంత మార్పు వస్తోంది, కాదనను. మన జాతీయ అవార్డుల్లో 2016 చిత్రాల నుంచి పోరాటాల కూర్పుకు విడిగా బహుమతి ఇస్తున్నారు, మొదటిది 'పులిమురుగన్'కు వచ్చింది. ఆస్కార్ వాళ్లు ఇన్నేళ్లూ ఆ ఊసే ఎత్తలేదు. 2025లో ప్రకటించారు, 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్ రూపకల్పనకు అవార్డు ఉంటుందని. ఫైట్ మాస్టర్‌కు పేరొస్తే సంతోషమే. ఆయన కింద గాజు తలుపులోంచి దూకే కుర్రాడికి ఏమొస్తుందన్నది అడగాలి. దూకేముందు అతనికి బీమా ఉందా, నీళ్లలో దూకేవాడికి పడవ సిద్ధంగా ఉందా అని అడగాలి. మద్రాసు నుంచి హైదరాబాద్ వెళ్లిన తెలుగు సినిమా వెనక, ఇటు తమిళనాడులోనే ఉండిపోయిన తెలుగు స్టంట్ కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల పెద్దవాళ్లు బతికి ఉండగానే కూర్చోబెట్టి ఎవరి సినిమాలో ఎవరు దూకారో రాయించుకుంటే అదే పెద్ద చరిత్ర. సరిహద్దు ఊళ్లలోని తెలుగు సంఘాలు ఉగాదికి సన్మానాలు చేస్తాయి కదా, సీరియల్ నటులను దూరం నుంచి పిలిపించే ఖర్చులో పదోవంతుతో ఈ పని జరుగుతుంది.

పేరు పోవడమంటే ఏమిటో నిజానికి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. తెలుగు సినిమా వసూళ్ల పట్టిక చూడండి. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు... ఒక్కోదానికి ఒక్కో గీత. మన వంతు వచ్చేసరికి 'కర్ణాటక ప్లస్ రెస్టాఫ్ ఇండియా' అని ఒకే గీత. హోసూరు, బరంపురం, సిరోంచ అందులో కలిసి కరిగిపోతాయి. యానాం గోదావరి లెక్కలో మాయమవుతుంది. 'సీడెడ్' అనే మాటే తీసుకోండి. 1800లో నిజాం బ్రిటిష్‌వాళ్లకు వదిలేసిన జిల్లాలవి, బళ్లారి అందులోదే. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. మాట మిగిలింది, బళ్లారి పేరు మిగల్లేదు. మనం టికెట్ కొంటున్నాం, మొదటి రోజే కొంటున్నాం, కటౌట్లు కడుతున్నాం, పాలు కూడా పోస్తున్నాం. కనబడేది మాత్రం మొత్తంలోనే, విడిగా కాదు. ఇది నల్లజాతి రౌతు బాధతో సమానమని అనను. అట్లా అంటే అన్యాయం. ఆ బాధ ఎటువైపు నుంచి తగులుతుందో అర్థం చేసుకోవడానికి మనకు ఒక కిటికీ ఉందంటున్నాను, అంతే.

మన తెలుగులో ఇట్లాంటి సినిమా రాదా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. 1991లోనే సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో కాలయంత్రం ఎక్కించి మనల్ని కృష్ణదేవరాయల కొలువుకు తీసుకెళ్లారు. డబ్బుకూ గ్రాఫిక్స్‌కూ ఇప్పుడు కొదవ లేదు. 'నోప్' దగ్గర ఎరువు తెచ్చుకోవలసింది ఎగిరే పళ్లెం కాదు. అది తెచ్చుకుంటే ఇంకో నకలు తయారవుతుంది. తన జాతి చరిత్రలో ఉన్న ఒక ఖాళీ గడిని వెతికి, అక్కడినుంచి భయాన్ని తవ్విన పద్ధతి తెచ్చుకోవాలి. మనకు గడులు తక్కువా? మూకీ రోజుల్లో, టూరింగ్ టాకీసుల్లో, గుడారం మోసినవాడి దగ్గర్నుంచి రీలు డబ్బా సైకిలు మీద కట్టుకుని ఈ ఊరి నుంచి ఆ ఊరికి పరుగెత్తినవాడి దాకా ఎంతమంది లేరు!

చివరగా హాలు యజమానులకు ఒక విన్నపం. సినిమా అయిపోగానే, తెరమీద పేర్లు మొదలవకముందే లైట్లు వేసేయడం, తలుపులు బార్లా తెరవడం, ఊడ్చేవాళ్లను లోపలికి పంపడం మన ఊళ్లలో రివాజు. ఆట ఆటకూ మధ్య టైము లేదని మీ ఇబ్బంది మీకుంటుంది. అయినా మూడు నిమిషాలు ఆగండి. 'నోప్' చివర్లో పొలం చెల్లెలు కాపాడుతుంది, పార్కులో బావి ఆకారంలో ఉన్న పాత ఫొటో యంత్రంతో ఆ ప్రాణి బొమ్మ ఒక్కటి తీయగలుగుతుంది. దుమ్ము తెర తొలగితే అవతల అన్న ఓజే గుర్రం మీద నిలబడి ఉంటాడు. బతికే ఉన్నాడా, చెల్లెలి ఊహా అని వాదించుకుంటారు. బతికే ఉన్నాడని నా పక్షం. ఆ తర్వాత పేర్లు పడతాయి. అందులో గుర్రాలను చూసుకున్నవాళ్ల పేర్లూ ఉంటాయి, కింద ఎక్కడో, చిన్న అక్షరాల్లో. అవి చదవాలంటే హాల్లో చీకటి ఉండాలి.